మాట చెల్లే ఒడ్డు, కార్డు చెల్లే ఒడ్డు

“గోలీలు సరిగ్గ మింగుతలేదు.”

మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలో, తెలంగాణ సరిహద్దునున్న సిరొంచ, అహేరి వైపు రక్తం తక్కువున్న గర్భిణి గురించి ఎవరినడిగినా ముందు వచ్చే మాట ఇదే. నర్సు అంటుంది, ఊరి ఆశా కార్యకర్త, అంటే ఆశా తాయి అంటుంది, చివరికి అత్త కూడా అంటుంది. హిమోగ్లోబిన్ 8 ఉంది. ఐరన్ గోలీలిచ్చి నెల దాటింది. మళ్లీ చూస్తే 8 దగ్గరే ఉంది. అంటే మింగడం లేదన్నమాట. ఆ పిల్ల అబద్ధమాడుతోందని అక్కడే తేలిపోతుంది. ఆమె రోజూ మింగే ఉండవచ్చని, అసలు ఆమెది ఇనుము లోపమే కాకపోవచ్చని ఎవరికైనా అనుమానం వచ్చేసరికి కాన్పు దగ్గర పడుతుంది.

రూలు లేక కాదు. చికిత్స మోతాదులో, అంటే 60 మిల్లీగ్రాముల ఇనుమున్న గోలీలు రోజుకు రెండు చొప్పున ఇచ్చినా నెలలో హిమోగ్లోబిన్ కనీసం 1 గ్రాము పెరగకపోతే, కారణం వెతకడానికి పై ఆసుపత్రికి పంపాలని రక్తహీనత మీద కేంద్రం నడిపే అనీమియా ముక్త్ భారత్ మార్గదర్శకాలే చెబుతున్నాయి. గడ్చిరోలి లాంటి జిల్లాలో ఆ కారణాల్లో మొదట అనుమానించవలసింది సికిల్ సెల్, ఎర్రకణాలు కొడవలిలా వంగిపోయే వంశపారంపర్య జబ్బు. మామూలు ఎర్రకణం దాదాపు 120 రోజులు బతుకుతుంది. కొడవలిలా వంగిన కణం 10 నుంచి 20 రోజుల్లోనే చితికిపోతుంది. చితికిన కణంలోని ఇనుము ఒంట్లోనే ఉండిపోతుంది కాబట్టి ఐరన్ గోలీలు ఎన్ని మింగినా అంకె కదలదు. ఈ జబ్బున్నవాళ్లకు 7, 8, 9 అన్నవి మామూలు రోజుల్లో ఉండే అంకెలే.

మరి అనుమానం ఎందుకు రాదు? వైద్యం తెలియకపోవడం వల్ల అనుకుంటే సగమే నిజం. ఆ పిల్ల ఆడది, దళిత వాడది, తెలుగుది, నది అవతల తెలంగాణ నుంచి కోడలిగా వచ్చింది. ఈ నాలుగింటికీ ప్రభుత్వం దగ్గర ఏదో ఒక పథకమో రిజిస్టరో ఉంది. నాలుగూ ఒక్క మనిషిలో కలిసిన చోట మాత్రం ఏదీ పనిచేయదు. నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే: వివక్షలను ఒకదాని పక్కన ఒకటి పేర్చి కూడితే లెక్క తేలదు. అవి కలిసినప్పుడు కొత్త అడ్డంకి పుడుతుంది, అది ఎవరి రిజిస్టరులోనూ ఉండదు.

ఈ ఆలోచనకు చట్టంలో ఒక పాత కేసు ఉంది. అమెరికాలో జనరల్ మోటార్స్ మీద కొందరు నల్లజాతి స్త్రీలు దావా వేసి 1976లో ఓడిపోయారు. కంపెనీలో ఆడవాళ్లున్నారు, నల్లవాళ్లున్నారు, ఇంక వివక్ష ఎక్కడుందన్నది కోర్టు తర్కం. అక్కడున్న ఆడవాళ్లు తెల్లవాళ్లు, నల్లవాళ్లు మగవాళ్లు. న్యాయశాస్త్ర పండితురాలు కింబర్లీ క్రెన్షా 1989లో ఈ తీర్పును విప్పి చూపి, వివక్షలు కలిసే ఆ కూడలికి ఇంటర్‌సెక్షనాలిటీ అని పేరు పెట్టారు. పరాయి పదం మనకెందుకన్న అభ్యంతరం సబబైనదే. పదం అక్కర్లేదు, ఆ కేసు గుర్తుంటే చాలు. ఎందుకంటే మన ఆరోగ్య రిజిస్టర్లు అచ్చం అలాగే తీర్పు చెబుతాయి: ఆడవాళ్లకు పరీక్షలు చేశాం, ఆదివాసులకు చేశాం, తాలూకాలో ఇంతమందికి చేశాం.

“అది గోండుల రోగం”

భారతదేశంలో సికిల్ కణాలను 1952లో నీలగిరి ఆదివాసుల్లో గుర్తించారు. అప్పటి నుంచి ఆదివాసుల జబ్బన్న ముద్ర దానికి అంటుకునే ఉంది. ఆ ముద్ర వల్ల మేలు జరగలేదని అనలేం. 2023 జూలై 1న మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్, 0 నుంచి 40 ఏళ్లలోపు 7 కోట్ల మందికి పరీక్ష, నిర్మూలనకు 2047 గడువు, ఇవన్నీ ఆదివాసుల ఆరోగ్యం పేరు మీదే సాధ్యమయ్యాయి. మాడియా గోండుల గూడేల దాకా కిట్లు వెళ్లాలంటే ఆ పేరు కావాలి. దాన్ని తీసెయ్యమని నేను అనను.

కానీ ఈ జన్యువు మలేరియా ఉన్న నేలను పట్టుకుని నిలిచింది. తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచే సికిల్ జన్యువు వచ్చినవాళ్లకు, అంటే జబ్బు లేని వాహకులకు, మలేరియా ముదిరి ప్రాణం మీదికి రావడం తక్కువ కాబట్టి తరతరాలుగా మిగిలింది. అదే అడవి అంచున, అదే దోమల మధ్య బతికిన ఎస్సీ, ఓబీసీ కులాల్లోనూ విదర్భ అంతటా ఇది కనపడుతుంది. అయినా నేతకాని వాడలోనో మాదిగ వాడలోనో అడగండి: “అది గోండోళ్లది, మాకెందుకొస్తది?” కాగితం మీద మిషన్ ఆ ప్రాంతంలోని అందరిదీ. శిబిరం మాత్రం ఆశ్రమ పాఠశాలలో పెడితే తేలిక. పిల్లలు ఒక్కచోట ఉంటారు, పూటలో వంద చుక్కలు తీయొచ్చు. పదో తరగతిలో బడి మానేసి పత్తి చేనికి వెళ్లే దళిత అమ్మాయి ఆ వరుసలో ఉండదు. ఆమెకు మొదటి రక్తపరీక్ష గర్భం వచ్చాకే.

ఇంకో ముడి పెళ్లి. కులమంటే లోపలి పెళ్లేనని, ఆ కట్టుబాటు ఆడదాని మీద కాపలాతోనే నిలుస్తుందని అంబేడ్కర్ 1916లోనే చెప్పారు. సికిల్ లాంటి జబ్బు ఆ లోపలి పెళ్లిలోనే తేలుతుంది. ఇద్దరు వాహకులు కలిస్తే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు రావడానికి నాలుగింట ఒక వంతు అవకాశం. మన దగ్గర మేనరికంతో పాటు మేనమామను చేసుకోవడమూ ఉంది. తల్లి వాహకురాలు, ఆమె కన్నవాళ్లలో ఒకరి నుంచే ఆ జన్యువు వచ్చింది అనుకుందాం. అప్పుడు ఆమె తమ్ముడు వాహకుడు కావడానికి సగం అవకాశం, ఆమె కూతురికీ సగం. ఇద్దరూ వాహకులై ఉండే అవకాశం నాలుగింట ఒకటి. నాగపూర్ వైపు నుంచి వచ్చిన కౌన్సెలర్ “రక్తసంబంధమా?” అని మరాఠీలో అడిగితే, “కాదు, మా మామే” అని జవాబొస్తుంది. మేనమామ అని ఆమె చెప్పింది, ఊరి వరసకు మామ అని ఆయనకు అర్థమైంది. “మీ అమ్మకు తమ్ముడైతడా?” అని అడిగితే ముడి విడిపోయేది.

చుక్క రక్తం నుంచి రిపోర్టు దాకా

ఊళ్లో చేసేది సాల్యుబిలిటీ పరీక్ష. 2 మిల్లీలీటర్ల ద్రావకంలో వేలి నుంచి తీసిన 20 మైక్రోలీటర్ల రక్తం కలిపి, 5 నిమిషాలాగి, గొట్టం వెనక గీతలున్న కాగితం పెడతారు. గీతలు కనపడితే నెగటివ్, మసకగా ఉండి కనపడకపోతే పాజిటివ్. చవక, చకచకా అయిపోతుంది. తప్పెక్కడ వస్తుందో తెలిసి చేస్తే మంచి పరీక్షే. రక్తం మరీ తక్కువగా, 7 కంటే కింద ఉంటే మసక చాలక నెగటివ్ రావచ్చు. 6 నెలలలోపు పసిబిడ్డలో నమ్మరాదు. పాతబడిన ద్రావకాన్ని నమ్మరాదు. అన్నిటికంటే ముఖ్యం: వాహకులకూ జబ్బున్నవాళ్లకూ తేడా ఇది చెప్పదు. అది తేల్చాలంటే హిమోగ్లోబిన్ రకాలను విడదీసి చూపే ల్యాబ్ పరీక్ష, ఎలక్ట్రోఫోరెసిస్ గానీ హెచ్‌పీఎల్‌సీ గానీ చేయాలి, దానికి నమూనా పైకి పోవాలి.

ఎక్కువగా ఇక్కడే తెగుతుంది. నమూనాతో పాటు రాసే ఫోన్ నంబరు భర్తది. రిపోర్టు వచ్చినట్టు ఫోన్ ఆయనకు వస్తుంది. “పాజిటివ్ అట” అన్న ఒక్క మాట ఇంటికి చేరుతుంది. వాహకురాలికి మందే అక్కర్లేదు, కానీ ఇంట్లో ఆమె రోగిష్టిదైపోతుంది. భర్తకు పరీక్ష చేశారా అని అడిగితే, చేయలేదు. బిడ్డకు జబ్బు రావాలంటే ఇద్దరి నుంచీ రావాలన్న సంగతి చెప్పకుండా ఒక్కరి పేరు మాత్రమే బయటపెట్టే పరీక్ష, జబ్బు పట్టకపోయినా ఆడదాని కాపురం మీదికి తెస్తుంది. భార్యాభర్తల రిపోర్టులు ఇద్దరినీ కూర్చోబెట్టి ఒకేరోజు చెప్పాలనే నియమం ఒక్కటి పెట్టినా చాలా ఇళ్లు నిలబడతాయి.

రెండో తప్పు దీనికంటే చేటు చేస్తుంది. రక్తం 6కు పడిపోయి వచ్చిన గర్భిణికి తొందరగా రక్తం ఎక్కించి పంపుతారు. ఎక్కించక తప్పదు. ఎక్కించాక చేసే పరీక్షలో మాత్రం దాత కణాలూ కలిసి ఉంటాయి. సాల్యుబిలిటీ నెగటివ్ రావచ్చు, హెచ్‌పీఎల్‌సీలో జబ్బు మనిషి వాహకురాలిలా కనపడవచ్చు. ఆ పొరపాటు సరిదిద్దాలంటే మూడు నెలలు ఆగాలి. ఊదారంగు మూత ఉన్న, రక్తం గడ్డకట్టనివ్వని ఈడీటీఏ ట్యూబులో 2 మిల్లీలీటర్లు ముందే తీసి పెట్టుకుంటే ఈ బాధే లేదు. సీసా తగిలించే ముందు ట్యూబు, ఈ వరుస గోడమీద రాసి ఉండాలి.

రక్తం విషయంలో కులం మరీ మొండిగా ఎదురవుతుంది. దాతను తెచ్చుకోమంటే ఆమె అడగగలిగేది తన వాడలోనే. అన్ననో చిన్నాయన కొడుకునో తెస్తారు. వాళ్లే వాహకులయ్యే అవకాశం ఎక్కువ. సికిల్ రోగికి ఎక్కించే రక్తం సికిల్ పరీక్షలో నెగటివ్ వచ్చిన దాతదై ఉండాలి. పక్క వాడ తలుపు తట్టి రక్తమడిగే చనువు లేని ఊళ్లో, “బంధువులను తెచ్చుకోండి” అన్న మామూలు మాట ఒక్కో ఇంటికి ఒక్కో రకంగా తగులుతుంది.

సలుపు, గుంజుడు, పోటు

భాష సంగతికొస్తే వెంటనే వచ్చే జవాబు: సిరొంచలో మరాఠీ అందరికీ వచ్చు, లేకపోతే హిందీ ఉంది. బజారులో నిజమే, తహసీలులోనూ చాలావరకు నిజమే. బడికి పోయిన మగవాళ్ల విషయంలో పూర్తిగా నిజం. కానీ నొప్పిని పరాయి భాషలో చెప్పడం కూరగాయలు కొన్నంత తేలిక కాదు. సికిల్ నొప్పికి మన దగ్గర విడివిడి మాటలున్నాయి. ఎముక లోపల సలుపుతుంది, పిక్కలు గుంజుతాయి, పక్కలో పోటు వస్తుంది, కీళ్లు కొరికినట్టుంటాయి. మరాఠీలో ఆమెకు వచ్చేది “దుఖతంయ్”, అంటే నొప్పెడుతోంది, అన్నది ఒక్కటే. పక్కలో పోటు, దానికి తోడు జ్వరం, ఆయాసం ఉంటే అది ఛాతీకి పాకిన ప్రమాదం, ఆ గంటలోనే పట్టుకోవాలి. “దుఖతంయ్” అన్న మాటకు ఒక డైక్లోఫెనాక్ సూది వేసి పంపుతారు. గర్భిణి అయితే కాన్పు నొప్పులనుకుంటారు, కాకపోతే నెలసరి అనుకుంటారు. పైకి వాపు లేదు, దెబ్బ లేదు, ఏడుస్తోంది కాబట్టి నటన అనుకోవడమూ ఉంది. అదే నొప్పితో మగపిల్లాడు వస్తే కనీసం ఎక్స్‌రే తీయమంటారు.

ఆశా తాయి తెలుగామేగా, ఆమె చెప్పదా అంటారు. చెబుతుంది, గదిలో ఉంటే. రాత్రి రెండు గంటలకు 108 బండిలో వచ్చినప్పుడు ఆమె పక్కన ఉండదు. పైగా ఆశా తాయి కూడా ఏదో ఒక వాడ మనిషే. ఎవరి గడప లోపలికి వెళ్తుంది, ఎవరి గడప బయట నిలబడి గోలీలు అందిస్తుంది అన్నది ఊరికో రకం.

మరో పొరపాటు మేలు చేయాలనుకునేవాళ్లే చేస్తారు. తెలంగాణ నుంచి తెలుగు కరపత్రాలు తెప్పించి పంచుతారు. సిరొంచ తాలూకాలో మరాఠీ బడిలో చదివినవాళ్లు తెలుగు మాట్లాడతారు, చదివేది దేవనాగరి. ఆ కరపత్రం వాళ్లకు బొమ్మల కాగితమే. మరాఠీ కరపత్రంలో లిపి అందుతుంది, “ప్లీహా” అన్న మాట అందదు. కావలసింది దేవనాగరి లిపిలో రాసిన తెలుగు. ఇంకా మేలైనది తెలుగులో చదివి ఫోన్‌కు పంపే రెండు నిమిషాల మాట. అందుకే రిజిస్టరులో భాషకు ఒక గడి చాలదంటాను. మాట్లాడేది ఏది, చదివేది ఏది, రెండు గడులు కావాలి. అటు ఒడిశాలో గుణుపురం, పర్లాకిమిడి వైపు కూడా ఇదే తీరు, ఒడియా బడి చదువు, తెలుగు నోరు.

మిర్చి తోటలో మంచినీళ్లు

వివక్షలు కూడితే తేలవని ఎందుకంటున్నానో ఇక్కడ చూడండి.

సంక్రాంతి దాటాక గడ్చిరోలి, చంద్రపూర్ ఊళ్ల నుంచి కూలీలు మిర్చి ఏరడానికి తెలంగాణకు పోతారు. ఎక్కువమంది ఆడవాళ్లే. రెండు మూడు నెలలు చేను పక్కనే గుడిసెలు. సికిల్ ఉన్న మనిషి రోజుకు 3 నుంచి 4 లీటర్ల నీళ్లు తాగాలి, ఎండలో ఇంకా ఎక్కువ. నీళ్లు తగ్గితే రక్తం చిక్కబడి కణాలు ఇరుక్కుంటాయి, నొప్పి మొదలవుతుంది. ఈ జబ్బులో మూత్రపిండాలకు నీటిని పట్టి ఉంచే శక్తి కూడా తగ్గుతుంది, అందుకని మూత్రం ఎక్కువ, మాటిమాటికీ వెళ్లాలి. తోటలో మరుగు లేదు. మగవాడు గట్టు పక్కకు పోతాడు. ఆడది పొద్దుగూకేదాకా ఆపుకోవాలి. ఆపుకోలేక ఆమె చేసే పని నీళ్లు తాగడం మానేయడం.

మరుగుదొడ్డి లేకపోవడం ఆడవాళ్లందరి సమస్య. నీళ్లు ఎక్కువ తాగాలన్నది సికిల్ రోగులందరికీ చెప్పే సలహా. భూమి లేనివాళ్లే వలస కూలికి పోవడం కులం, పేదరికం నుంచి వచ్చింది. ఒక్కొక్కటి విడిగా అందరికీ తెలుసు. మూడూ కలిసినప్పుడు డాక్టరు చెప్పిన సలహాయే ఆమె పాటించలేనిదవుతుంది. నీళ్లు తాగమన్న కరపత్రం ఎన్నిసార్లు ఇచ్చినా లాభం లేదు. ఆ తోటలో నాలుగు కర్రలు పాతి గోనెపట్టా చుట్టిన మరుగు ఆమెకు సగం మందు.

మిగతా సగం హైడ్రాక్సీయూరియా. కిలో బరువుకు 10 నుంచి 15 మిల్లీగ్రాముల లెక్కన రోజూ, చాలామంది పెద్దవాళ్లకు 500 మిల్లీగ్రాముల గొట్టంగోలీ ఒకటితో మొదలు. నొప్పులు తగ్గించే మందుల్లో ఇదే ప్రధానం. మొదట్లో రెండు వారాలకో నెలకో, కుదురుకున్నాక రెండు మూడు నెలలకొకసారి రక్తకణాల లెక్క చూడాలి. పరీక్షకు రాదనుకున్న మనిషికి డాక్టరు మందు మొదలుపెట్టడానికి జంకుతాడు, ఆ జంకులో తప్పు లేదు. వలస పోయే మనిషి అంటే రాని మనిషే అని రాసుకుంటాడు. ఈ మందును గర్భం కోసం అనుకునే మూడు నెలల ముందే ఆపాలి. ఆ సంగతి మరాఠీలో, భర్తకు చెబుతారు. పెళ్లికాని పిల్లకు చెప్పడానికి మొహమాటపడి అసలు చెప్పరు. గర్భం వచ్చాక తెలిసి భయంతో ఆమె అన్ని మందులూ ఒకేసారి మానేస్తుంది, మానకూడని ఫోలిక్ ఆమ్లంతో సహా.

తెలంగాణ తోటలో నొప్పొస్తే ఆమె చెప్పే మాట అక్కడి నర్సుకు చక్కగా అర్థమవుతుంది. కానీ ఆరోగ్యశ్రీ ఆ రాష్ట్రం వాళ్లకు. ఆయుష్మాన్ కార్డు దేశమంతా చెల్లుతుంది కదా అంటారు. చెల్లుతుంది, జాబితాలో ఉన్న ఆసుపత్రిలో పడక మీద చేరితే. నెలనెలా మందుకూ రక్తపరీక్షకూ అది వర్తించదు. సొంత రాష్ట్రంలో మందు ఉచితం, కానీ జిల్లా ఆసుపత్రి సిరొంచకు 200 కిలోమీటర్ల పైన, అక్కడ మాట పరాయిది. కాళేశ్వరం గోదావరికి అవతలే.

కోడలి కాగితాలు

చెన్నూరు నుంచో మహదేవపూర్ నుంచో సిరొంచకు కోడలిగా వచ్చిన దళిత అమ్మాయికి కులం మారదు, కాగితం మారుతుంది. ఎస్సీ, ఎస్టీ జాబితాలు రాష్ట్రానికొకటి. ఆంధ్రలో ఎస్టీ అయిన కుటుంబం వలస వెళ్లినంత మాత్రాన మహారాష్ట్రలో ఎస్టీ కాదని 1990లో సుప్రీంకోర్టు మర్రి చంద్రశేఖరరావు కేసులో తేల్చింది. ఆ తగవు వచ్చిందీ బొంబాయిలోని ఒక వైద్య కళాశాల సీటు దగ్గరే. మహారాష్ట్రలో ఎస్సీ దాఖలాకు, అంటే కుల ధ్రువపత్రానికి, 1950 ఆగస్టు 10 నాటికి, ఎస్టీకి 1950 సెప్టెంబరు 6 నాటికి కుటుంబం అక్కడే ఉన్నట్టు రుజువు కావాలి. చూసేది తండ్రి వైపు కాగితాలు. ఆమె తండ్రివి నది అవతల ఉన్నాయి. ఆమె భర్తకు ఉంది, బిడ్డలకు వస్తుంది, ఇంట్లో ఆమెకొక్కదానికే లేదు. దొంగ దాఖలాలను ఆపడానికి ఈ గట్టిదనం కావాలన్న వాదన ఉంది. నాందేడ్ వైపు ఎస్టీ దాఖలాల మీద జరిగిన తగాదాలు చూసినవాళ్లు ఆ వాదన కొట్టిపారేయలేరు. ఉద్యోగానికీ సీటుకూ ఆ జల్లెడ పెట్టండి. గర్భిణి ఆహారానికి, ప్రయాణానికి ఇచ్చే డబ్బుకు అదే జల్లెడ ఎందుకు?

ప్రస్తుతానికి పనికొచ్చే దారి ఒకటుంది. మాతృవందన యోజన కింద మొదటి కాన్పుకు 5,000, రెండో బిడ్డ ఆడపిల్లయితే 6,000 రూపాయలు వస్తాయి. దానికి కుల దాఖలా ఒక్కటే తలుపు కాదు. బీపీఎల్ రేషన్ కార్డు, ఆయుష్మాన్ కార్డు, ఉపాధి హామీ జాబ్ కార్డు, ఈ-శ్రమ్ కార్డు, ఏదున్నా చాలు. ఇంటి వద్దే అయ్యే తేలికైనది ఈ-శ్రమ్. రేషన్ కార్డుకైతే పుట్టింటి కార్డులోంచి పేరు తీసేసినట్టు కాగితం ముందు తెచ్చుకోవాలి, లేకపోతే ఇక్కడ ఎక్కదు. ఆధార్‌లో తండ్రి ఇంటిపేరు, కార్డులో మహారాష్ట్ర పద్ధతిలో భర్త పేరు నడుమ చేరిన పేరు ఉంటే వేలిముద్ర పడినా దరఖాస్తు ఆగిపోతుంది. పెళ్లయిన నెలలోనే రెండూ ఒకేలా చేయించుకోవాలి. సికిల్ సెల్ జబ్బు 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఉందన్నది చాలామంది రోగులకు తెలియదు. ఆ ధ్రువపత్రానికి వైద్య బోర్డు ముందుకు వెళ్లాలి. మళ్లీ ఆ దూరమే.

నన్ను నిజంగా తటపటాయింపజేసే అభ్యంతరం ఒకటుంది. కులం, భాష రిజిస్టరులో రాస్తే ఆ రాతే వివక్షకు ఆయుధమవుతుంది కదా? చీటీ మీద కులం కనపడగానే మాట తీరు మారే చోట్లున్నాయి. “ఏ వాడ బిడ్డా మీది?” అన్న ప్రశ్న చాలాసార్లు దారి కనుక్కోవడానికి కాదు. అయినా రాయకపోతే ఈ పిల్ల ఎప్పటికీ “గోలీలు మింగని” పిల్లగానే మిగులుతుంది. అందుకే కులం ఓపీ చీటీ మీద, మంచం తల దగ్గర ఉండకూడదు, సంకేతంతో వేరే పుస్తకంలో ఉండాలి. నెలకొకసారి తాలూకా స్థాయిలో ఆడ, కులం, భాష మూడూ కలిపి లెక్క తీయాలి: ఎంతమందికి మొదటి పరీక్ష అయింది, ఎంతమందికి రెండోది అయింది, ఎంతమంది చేతికి రిపోర్టు చేరింది. పదిమంది కంటే తక్కువున్న గడిని బయటపెట్టకూడదు, ఊరు పేరుతో అసలే పెట్టకూడదు. భాష మాత్రం చీటీ మీదే ఉండాలి, పెద్ద అక్షరాల్లో. పక్కనే పదీ పన్నెండు నొప్పి మాటలు, తెలుగులో, మరాఠీలో, దేవనాగరిలో అచ్చువేసి క్యాజువాలిటీ గోడకు అంటించడానికి ఏ పథకమూ అక్కర్లేదు.

మిర్చి కూలీల బండ్లు జనవరిలో కదులుతాయి. డిసెంబరులోనే వాడకు వెళ్లి రక్తకణాల లెక్క చూసి, మూడు నెలల మందు ఒకేసారి చేతికివ్వాలి. దానితో పాటు ఆమె పేరు మీదే, ఆమె ఫోన్ నంబరుతో ఒక చీటీ. అందులో మూడు సంగతులు: జబ్బు పేరు, రోజూ వేసుకునే మందు, జ్వరం 101 దాటినా ఛాతీలో పోటు వచ్చినా పని ఆపి అదే రోజు దవాఖానకు పోవాలన్న మాట. ఒకవైపు తెలుగు లిపిలో, అక్కడి నర్సు చదవడానికి. రెండోవైపు దేవనాగరిలో, ఆమె చదువుకోవడానికి. కూలీలను తీసుకుపోయే ముకద్దముతో ఆ రోజే ఒప్పించాల్సింది ఇంకొకటి ఉంది: గుడిసెల దగ్గర నీళ్ల డ్రమ్ము ఎక్కడ పెడతావు, ఆడవాళ్లకు మరుగు ఎక్కడ కడతావు.